ఇంట్లో పిలాటీస్ - 3వ పాఠం: పొట్ట బిగిస్తే గాలి ఎటు పోవాలి?

యోగా అలవాటున్నవాళ్లు తడబడేది ఇక్కడే. అక్కడ పొట్ట ఉబ్బేలా గాలి పీల్చడం నేర్చుకుని ఉంటారు. పిలాటీస్‌లో కాళ్లూ చేతులూ కదులుతున్నంతసేపూ పొట్ట కండరాలు నడుముకు కాపలా కాయాలి. వాటిని వదిలేయడానికి లేదు. అందుకని గాలిని పక్కటెముకల్లోకి, వీపు వైపుకి పంపుతాం.

ఒక చున్నీ గానీ కండువా గానీ తీసుకుని స్టూలు మీద నిటారుగా కూర్చోండి. దాన్ని రొమ్ము కింద, అడుగు పక్కటెముకల చుట్టూ తిప్పి, కొసల్ని ముందువైపు ఒకదాని మీదుగా ఒకటి దాటించి రెండు చేతులతో పట్టుకోండి. ముక్కుతో 4 అంకెలు పీల్చండి. గుడ్డ పక్కలకూ వెనక్కీ బిగుసుకోవాలి. భుజాలు పైకి లేస్తే గాలి మెడ దగ్గరే ఆగిందన్నమాట. ఇప్పుడు వేడి టీ ఊదినట్టు నోటితో 6 అంకెలు వదులుతూ కొసల్ని మెల్లగా లాగండి. 6 సార్లు చాలు. అదేపనిగా చేస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది. అలా అనిపిస్తే ఆపి మామూలుగా ఊపిరి తీసుకోండి.

అసలు పని వదలడంలోనే ఉంది. ఈ వ్యాయామ పద్ధతిని రూపొందించిన, చిన్నప్పుడు ఉబ్బసంతో బాధపడ్డ జోసెఫ్ పిలాటీస్ కూడా తడిబట్ట పిండినట్టు ఊపిరితిత్తుల్లోంచి గాలిని పిండేయమనేవాడు. ఎందుకో వేళ్లతో చూడండి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. తుంటి ఎముకల మొనల నుంచి బొడ్డు వైపుకి అంగుళం జరిపి వేళ్లు నొక్కి ‘స్స్స్’ అంటూ వదలండి. చివరి రెండు అంకెల్లో వేళ్ల కింద ఏదో సన్నగా బిగుసుకుంటుంది. నడికట్టులా చుట్టుకుని ఉండే లోపలి పొట్ట కండరం అది. వేళ్లు పైకి తోసుకొస్తే మీరు పిండడం లేదు, ముక్కుతున్నారు! బలం సగానికి తగ్గించండి.

కొందరు టీచర్లు వదలడం కూడా ముక్కుతోనే చేయిస్తారు, తప్పేం లేదు. కొత్తవాళ్లకి నోటితో అయితే ఈ బిగువు త్వరగా తెలుస్తుంది.

కష్టమైన కదలిక దగ్గర గాలి వదలాలన్నది సాధారణ నియమం. ‘హండ్రెడ్’ అనే వ్యాయామం దీనికి లొంగదు. అందులో వెల్లకిలా పడుకుని, చేతులు పైకీ కిందికీ కొడుతూనే 5 దెబ్బలకి పీల్చడం, 5 దెబ్బలకి వదలడం. అలా 10 విడతలైతే 100. ఈ వారం 3 విడతలే చేయండి. తల చాప మీదే, పాదాలు నేల మీదే ఉండాలి. చేతులు నేలకు జానెడు ఎత్తులో, మోచేతులు మడవకుండా, భుజం నుంచి ఆడాలి. అంకెలు లెక్కపెట్టే ధ్యాసలో చాలామంది ఊపిరి బిగబట్టేస్తారు. రక్తపోటు ఉన్నవాళ్లకి అది మంచిది కాదు. పైకే లెక్కపెట్టే మనిషి ఇంట్లో ఉంటే ఆ పని వాళ్లకి అప్పగించండి.

తల ఎత్తి చేయడం వచ్చే పాఠంలో. ఆలోగా చున్నీ సాధన రోజుకు ఒక్కసారి, తిన్న రెండు గంటల తర్వాత.