పాత ప్రియస్‌లో హైబ్రిడ్ బ్యాటరీ పోతే: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు

డాష్‌బోర్డు మీద ఎర్ర త్రికోణం వెలిగి, కారును డీలర్ దగ్గరికి తీసుకెళితే మూడు నాలుగు వేల డాలర్ల అంచనా కాగితం చేతికొస్తుంది. ప్రియస్ అంటే పెట్రోలుతోనూ బ్యాటరీతోనూ నడిచే టయోటా హైబ్రిడ్ కారు. పదిహేనేళ్లు దాటితే దాని మొత్తం ఖరీదే ఇంచుమించు అంత. నేను అమెరికాలో, టెక్సస్‌లోని డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాను. విద్యుత్ యంత్రాల మరమ్మతు నా వృత్తి, 2008 మోడల్ ప్రియస్ నా కారు. చదువుకోవడానికి వచ్చి పాత కార్లు కొనుక్కున్న పిల్లలు ఆ కాగితం పట్టుకుని “అక్కా, ఇక అమ్మేయడమేనా?” అని అడుగుతుంటారు. చాలా సందర్భాల్లో అమ్మనక్కర్లేదు, అంత ఖర్చూ అక్కర్లేదు. కానీ ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్నది తెలియాలి. ఇక్కడ చెప్పేది ముఖ్యంగా 2004–2009 ప్రియస్ గురించి. 2010–2015 కారుకూ ఎక్కువ భాగం వర్తిస్తుంది.

ముందు లోపల ఏముందో చూద్దాం. వెనక సీటు వెనుక, డిక్కీ నేల కింద ఉన్న హైబ్రిడ్ బ్యాటరీ పెట్టెలో (ప్యాక్ అంటే ఇదే) 28 మాడ్యూళ్లు వరుసగా నిలబెట్టి ఉంటాయి. ఒక్కో మాడ్యూల్‌లో ఆరు నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్, ఒక్కో సెల్ 1.2 వోల్టులు. మొత్తం 168 సెల్స్, 201.6 వోల్టులు. కారు కంప్యూటర్ ప్రతి మాడ్యూల్‌నూ విడిగా చూడదు, రెండేసి చొప్పున 14 జతలుగా కొలుస్తుంది. 168లో ఒక్క సెల్ చచ్చినా ఆ జత వోల్టేజీ మిగతావాటికంటే ఒక వోల్టుకు పైగా పడిపోతుంది, హెచ్చరిక వెలుగుతుంది. కాబట్టి ఎర్ర త్రికోణం వచ్చినంత మాత్రాన ప్యాక్ అంతా పోయిందని కాదు. అయితే మిగిలిన 27 మాడ్యూళ్లు కూడా అదే వయసువి, అదే ఎండలో కాగినవి. బేరానికి దిగే ముందు ఈ రెండు నిజాలూ గుర్తుండాలి.

ఎర్ర త్రికోణం బ్యాటరీకి మాత్రమే పరిమితం కాదు. ఇన్వర్టర్‌ను (బ్యాటరీ కరెంటును మోటారుకు పనికొచ్చేలా మార్చే పెట్టె) చల్లబరిచే చిన్న నీటి పంపు ఆగిపోయినా అదే దీపం వెలుగుతుంది. 2004–2009 ప్రియస్‌లలో ఈ పంపు విషయమై టయోటా 2012లో రీకాల్ కూడా ప్రకటించింది. అందుకే కోడ్ (కారు కంప్యూటర్ నమోదు చేసే లోపం నంబరు) చదవకుండా ఒక్క డాలరు కూడా ఖర్చు పెట్టవద్దు. ఆటో విడిభాగాల దుకాణాల్లో ఉచితంగా చదివి చెప్పేవారున్నారు గానీ, వాళ్ల స్కానర్లు హైబ్రిడ్ కోడ్‌లను ఒక్కోసారి పట్టుకోలేవు. పాతిక ముప్పై డాలర్లలో దొరికే బ్లూటూత్ ఓబీడీ పరికరం (కారుకు తగిలించి కోడ్‌లు చదివేది) కొని, ఫోనులో డాక్టర్ ప్రియస్ అనే యాప్ వేసుకోవడం మేలు. పి0ఏ93 వస్తే అది ఇన్వర్టర్ చల్లదనం గొడవ, బ్యాటరీది కాదు. పి0ఏ80 వస్తే బ్యాటరీదే. దానితోపాటు పి3011 నుంచి పి3024 వరకు ఏదైనా కనిపిస్తే ఏ జత బలహీనపడిందో అదే చెబుతుంది: 3011 అంటే మొదటి జత, 3024 అంటే పద్నాలుగోది. పి0ఏఏ6 కనిపిస్తే మాత్రం మీరు చేయి పెట్టకండి. హై వోల్టేజీ ఎక్కడో కారు బాడీకి లీకవుతోందని దాని అర్థం. అది హైబ్రిడ్ పని తెలిసిన మెకానిక్ చూడవలసినదే.

కోడ్ చదివాక 12 వోల్టుల చిన్న బ్యాటరీని కొలవండి. ఈ మోడల్‌లో అది డిక్కీలో కుడివైపు మూల ఉంటుంది. రాత్రంతా ఆగి ఉన్న కారులో 12.4 కంటే బాగా తక్కువ చూపిస్తే దాని సంగతి ముందు తేల్చండి. అది నీరసించినప్పుడు ప్రియస్ సంబంధం లేని హెచ్చరికలన్నీ వెలిగిస్తుంది.

తర్వాత జతల వోల్టేజీ. కారు నిలబడి ఉన్నప్పుడు 14 జతలూ దాదాపు సమానంగానే కనిపించవచ్చు, అది చూసి సంబరపడవద్దు. ఒకరు నడుపుతుంటే మరొకరు పక్కన కూర్చుని యాప్ చూడాలి. ఎత్తు ఎక్కేటప్పుడు, గట్టిగా వేగం అందుకునేటప్పుడు ఒకే జత మిగతావాటికంటే వోల్టు కిందికి దిగి, బ్రేకు వేసి ఛార్జ్ అయ్యేటప్పుడు అందరికంటే ముందు పైకి ఎగిరితే దొంగ దొరికినట్టే. మూడు నాలుగు జతలు అలా ఊగుతుంటే మాత్రం ప్యాక్ మొత్తానికి వయసు అయిపోయింది. తెర మీద ఛార్జ్ గీతలు నిమిషాల్లో నిండి నిమిషాల్లో ఖాళీ కావడం, వెనక ఫ్యాను హోరుమనడం, మైలేజీ పడిపోవడం కూడా దీనికి గుర్తులే.

ఆ ఫ్యాను సంగతి చాలామంది పట్టించుకోరు. వెనక సీటు పక్కన, కుడివైపు ఒక జాలీ ఉంటుంది. బ్యాటరీ అక్కడి నుంచే కారులోపలి గాలి పీల్చుకుంటుంది. దాని మీద దుప్పటో సంచో పడి ఉన్న కార్లు ఎన్ని చూశానో! కుడివైపు ప్లాస్టిక్ పలకలు విప్పి ఫ్యాను బయటకు తీస్తే, చక్రం రెక్కల మధ్య ధూళి, కుక్క వెంట్రుకలు కలిసి మందపాటి బూడిదరంగు పొరలా పట్టి ఉంటాయి. మెత్తని బ్రష్షుతో ఒక్కో రెక్కా తుడవండి. గాలి ఆడక వేడెక్కిన ప్యాక్‌లో మధ్యనున్న మాడ్యూళ్లే ముందు పోతాయి. ఫ్యాను తుడవకుండా కొత్త బ్యాటరీ పెడితే దానికీ అదే గతి.

ఇక అసలు ప్రశ్న: ఈ కారు ఇంకా ఎన్నేళ్లు కావాలి? ముందు కారు మిగతా ఆరోగ్యం చూసుకోండి. బ్రేకుల యాక్చుయేటర్ (బ్రేకు ఒత్తిడిని నడిపే భాగం) అదేపనిగా బుసకొడుతూ మోగుతోందా? ఇంజన్ నూనె తాగుతోందా? 2010 తర్వాతి ప్రియస్ అయితే, ఉదయం స్టార్ట్ చేయగానే ఇంజన్ గడగడమని వణుకుతోందా, కూలెంట్ తగ్గుతోందా? అది హెడ్ గాస్కెట్ (ఇంజన్ పై భాగం దగ్గర ఉండే సీలు) పోతున్న లక్షణం. ఆ తరం కార్లలో ఇది పేరుమోసిన జబ్బు. అలాంటి కారులో కొత్త బ్యాటరీ వేయకండి.

కారు బాగానే ఉందనుకుంటే ముందున్న దారులు నాలుగు.

చౌకైనది పోయిన మాడ్యూల్ ఒక్కటే మార్చడం. పాత మాడ్యూల్ ముప్పై నలభై డాలర్లకు దొరుకుతుంది. నాకు ఈ దారి నచ్చదు. ఈరోజు ఒకటి మారిస్తే కొన్ని నెలల్లో దాని పక్కది పోతుంది. సెమిస్టర్ పూర్తయ్యేదాకా కారు కదిలితే చాలనుకునేవారికి తప్ప ఎవరికీ చెప్పను. ఇలా అతుకు వేసిన కారును అమ్మేటప్పుడు కొనేవారికి ఆ మాట చెప్పి తీరాలి. కొనేది మనలాంటి మరో కుటుంబమే.

రెండోది రిపేరు చేసిన ప్యాక్, సాధారణంగా వెయ్యి నుంచి పదిహేను వందల డాలర్ల వరకు. కొందరు ఇంటికే వచ్చి బిగించి వెళతారు. ఇందులో ఉండేవి కూడా పాత మాడ్యూళ్లే, పరీక్షించి జతకూర్చినవి. డబ్బు కట్టే ముందు వారంటీ కాగితం చదవండి. మళ్లీ పోతే కూలి ఎవరిది? ఊరు మారితే చెల్లుతుందా? ఫుడ్ డెలివరీకో టాక్సీకో వాడితే వారంటీ రద్దవుతుందా? “జీవితకాల వారంటీ” అన్నవాళ్లను ఈ మూడూ అడిగితే అసలు సంగతి బయటపడుతుంది.

మూడోది కొత్త లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్‌తో వచ్చే కిట్లు. తేలిక, శక్తి ఎక్కువ. కానీ కారు కంప్యూటర్ నికెల్ బ్యాటరీ కోసం రాసినది, కిట్ దాన్ని నమ్మించాలి. ఇలాంటి పనిలో చేయి తిరిగినవారికి సరే.

నేను ఎంచుకున్నది నాలుగోది: టయోటా కొత్త బ్యాటరీని డీలర్ విడిభాగాల కౌంటర్‌లో, లేదా డీలర్లే నడిపే వెబ్‌సైట్లలో కొని, బిగించే పని విడిగా చేయించుకోవడం. డీలర్ అంచనాలో పెద్ద భాగం కూలి, విడిభాగం మీద లాభం. రెండింటినీ విడదీస్తే బ్యాటరీ సుమారు రెండు వేలకు వస్తుంది. స్వతంత్ర హైబ్రిడ్ మెకానిక్ కొన్ని వందలకు బిగిస్తాడు. మొత్తం రిపేరు ప్యాక్ కంటే ఎక్కువే. కానీ నాలుగైదేళ్లు నడపదలిస్తే ఏడాదికి పడే ఖర్చు దీనిదే తక్కువ. కౌంటర్‌లో మీ కారు విన్ నంబరు (ఛాసిస్ నంబరు) చెప్పి సరైన భాగం నంబరు రాయించుకోండి. నాలుగైదు డీలర్లకు ఫోను చేయండి, ఒకే వస్తువుకు వందల డాలర్ల తేడా ఉంటుంది. కోర్ డిపాజిట్ ఎంతో తప్పక అడగండి. పాత ప్యాక్ తిరిగి ఇచ్చేదాకా అట్టిపెట్టుకునే ఈ సొమ్ము వెయ్యి దాటవచ్చు. కొత్తదానితో బ్యాటరీ కంప్యూటర్, రిలేలు వస్తాయా, పాతదాని నుంచి మార్చుకోవాలా అన్నదీ అడిగి తెలుసుకోండి.

సొంతంగా మార్చాలనుకునేవారు ఈ భాగం రెండుసార్లు చదవండి. 200 వోల్టుల డీసీ ప్రాణం తీస్తుంది. వెయ్యి వోల్టులకు తగిన క్లాస్ 0 రబ్బరు గ్లౌజులు, వాటి పైన తోలు గ్లౌజులు, కళ్లద్దాలు, వెయ్యి వోల్టుల మల్టీమీటర్ లేకుండా మొదలుపెట్టకండి. గ్లౌజు అంచును పట్టుకుని చుట్టుకుంటూ వెళ్లి వేళ్లలోకి గాలి నింపి, ఎక్కడా గాలి బయటకు పోవడం లేదని చూడండి. ఉంగరాలు, గాజులు, గొలుసు తీసేయండి. పక్కన మరో మనిషి ఉండాలి.

కారు ఆపి, తాళం దూరంగా పెట్టి, 12 వోల్టుల బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి. ఈ మోడల్‌లో డిక్కీ తలుపు విద్యుత్తుతో తెరుచుకుంటుంది కనుక, తీగ విప్పాక తలుపు మూయకండి. తర్వాత గ్లౌజులతో, ఎడమవైపున్న నారింజరంగు సర్వీస్ ప్లగ్ లాగి జేబులో వేసుకోండి. ఇన్వర్టర్‌లోని కెపాసిటర్లు ఖాళీ కావడానికి పది నిమిషాలు ఆగండి. ఆ తర్వాత తీగల చివర సున్నా వోల్టులు ఉన్నట్టు మీటర్‌తో చూసుకునే ముందుకు వెళ్లండి. ప్లగ్ తీసినంత మాత్రాన ప్యాక్ చల్లారిపోయినట్టు కాదు. అది రెండు ముక్కలుగా తెగుతుంది అంతే, ఆ ముక్కల్లోనూ చంపగల వోల్టేజీ ఉంటుంది. మాడ్యూళ్లను కలిపే రాగి పట్టీలు పూర్తిగా విప్పేదాకా గ్లౌజులు తీయవద్దు. నారింజరంగు తీగ ఎక్కడ కనిపించినా హై వోల్టేజీయే. ప్యాక్ బాగా బరువు, ఇద్దరు పట్టి దింపాలి.

పాత ప్యాక్ తెరిచినవారికి ఆ రాగి పట్టీల మీద ఆకుపచ్చ, నలుపు చిలుము కనిపిస్తుంది. ఒక్కోసారి కోడ్‌కు ఇదీ కారణమే. ఉప్పు కలిపిన వెనిగర్‌లో నానబెడితే రాగి మళ్లీ మెరుస్తుంది. తర్వాత వంటసోడా నీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. మాడ్యూళ్ల మీద తెల్లటి పొడి ఉంటే అది క్షారం, చేతికి తగలనివ్వకండి. మాడ్యూళ్లు ప్లస్ పక్కన మైనస్ వచ్చేలా అటొకటి ఇటొకటి తిప్పి పేర్చి ఉంటాయి. విప్పకముందే ప్రతిదాని మీదా నంబరు రాసి ఫొటో తీయండి. ఒక్కటి తిరగబడినా నిప్పులు లేస్తాయి. పట్టీల నట్లు 8 మిల్లీమీటర్లవి, వాటి బిగింపు 5.4 న్యూటన్ మీటర్లు మాత్రమే. టార్క్ పానా (బిగింపును కొలిచే పానా) లేకుండా చేతి అంచనాతో బిగిస్తే నట్టు పట్టే స్తంభం మాడ్యూల్ లోపలే తిరిగిపోతుంది, ఆ మాడ్యూల్ ఇక పనికిరాదు.

అంతా బిగించాక సర్వీస్ ప్లగ్‌ను మూడు దశల్లో పెట్టాలి: లోపలికి నెట్టాలి, పిడిని పైకి తిప్పాలి, తర్వాత కిందికి జరపాలి. ఆ చివరి జరుపు పడకపోతే కారు రెడీ దీపం (నడపడానికి సిద్ధమని చెప్పేది) చూపదు. కోడ్‌లు చెరిపి, ఎత్తుపల్లాలున్న దారిలో నడిపి, 14 జతలనూ మళ్లీ చూడండి. కొత్త ప్యాక్‌లో అవి ఒకదాని వెంట ఒకటి కలిసికట్టుగా ఎక్కి దిగాలి.

టెక్సస్ ఎండల్లో కారులో ఏసీ వేసుకోవడం బ్యాటరీకీ అవసరమే, అది పీల్చేది ఆ చల్లగాలినే. సెలవులకు రెండు నెలలు ఇండియా వెళ్లేవారు కారును అలాగే వదిలేయవద్దు. నికెల్ సెల్స్ వాడకపోయినా వాటంతట అవే దిగిపోతాయి, ఒక్కొక్కటి ఒక్కో వేగంతో. తాళం ఒక మిత్రుడికిచ్చి, రెండు వారాలకోసారి ఆరుబయట కారును రెడీలో పెట్టి అరగంట ఉంచమని చెప్పి వెళ్లండి.