పాలు పడలేదని కంగారు పడే ముందు

ఆవు ఈనిందని తెలిస్తే చాలు, జున్నుపాల కోసం చుట్టుపక్కల వాళ్ళంతా గిన్నెలతో తయారవుతారు. అదే బాలింతకు మొదట వచ్చే పసుప్పచ్చటి ముర్రుపాలనేమో "అవి మంచివి కావు, పిండి పారబొయ్" అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పారబోయకండి. బిడ్డను జబ్బుల నుంచి కాచే యాంటీబాడీలు వాటిలోనే దండిగా ఉంటాయి. మొదటి రోజు చెంచాడు చొప్పున వచ్చినా చాలు, అప్పటికి బిడ్డ పొట్ట గోలీకాయంతే.

నాకు సిజేరియన్ అయింది. రెండో రోజు రాత్రి పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తుంటే మా అత్తయ్య "పాలు పడలేదమ్మా, డబ్బాపాలు తెప్పిద్దాం" అన్నారు, నేనూ సరే అనబోయాను. ఇంతలో డ్యూటీలో ఉన్న నర్సమ్మ వచ్చి చూస్తే వాడు చనుమొన కొసను మాత్రమే పట్టుకుని చప్పరిస్తున్నాడు, ఇక పాలెలా వస్తాయి! కుట్ల మీద బరువు పడకుండా వాణ్ణి నా చంక కిందుగా పడుకోబెట్టి, ముక్కు చనుమొనకు ఎదురుగా పెట్టి, మొనతో పై పెదవిని మెల్లగా రాసింది. ఆవులించినట్టు నోరు తెరిచాడో లేదో, చటుక్కున రొమ్ముకు దగ్గరగా తెచ్చేసింది. మనం వంగి నోట్లో కుక్కకూడదు, బిడ్డనే దగ్గరకు తెచ్చుకోవాలి. గడ్డం రొమ్ముకు ఆనాలి, మొన చుట్టూ ఉండే నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి వెళ్ళాలి. కాసేపటికి గుటకల చప్పుడు వినబడింది. బాగా నొప్పిగా ఉంటే నోటి మూలలో వేలు పెట్టి విడిపించి మళ్ళీ పట్టించండి.

పాలు బాగా పడటానికి మామూలుగా 2 నుంచి 5 రోజులు పడుతుంది. అప్పటిదాకా, ఆ తర్వాత కూడా, రోజుకు 8 నుంచి 12 సార్లు పట్టించాలి, చెలమలో నీళ్ళలాగా తోడేకొద్దీ ఊరతాయి. చాలుతున్నాయా అని టెన్షన్ పడేకంటే ఉచ్చగుడ్డలు లెక్కపెట్టండి: 5వ రోజు దాటాక రోజుకు 6 తడిస్తే ఫర్వాలేదు. అంతకు తగ్గినా, బిడ్డ పాలకు కూడా లేవకుండా మగతగా ఉన్నా వెంటనే డాక్టర్‌కు చూపించండి. ఆయన డబ్బాపాలు పట్టమంటే పట్టండి, అందులో తప్పేం లేదు.

తల్లిపాలు తాగే పిల్లలకు విరేచనాలు, న్యుమోనియా, చెవి ఇన్ఫెక్షన్లు తక్కువ. ఇక మనకు, పాలిస్తుంటే పొత్తికడుపులో మెలిపెట్టినట్టు ఉంటుందే, అది గర్భసంచి ముడుచుకోవడం, రక్తస్రావం తగ్గేది దానివల్లే. రొమ్ము కేన్సర్, అండాశయ కేన్సర్, టైప్ 2 షుగర్ ముప్పు కూడా తగ్గుతుంది. బరువు తగ్గుతారని అందరూ అంటారు గానీ నాకైతే ఆకలే పెరిగింది! పథ్యం పేరు చెప్పి నీళ్ళు తగ్గించేస్తే మాత్రం ఒప్పుకోకండి, దాహమేసినంతా తాగాల్సిందే.

6 నెలలదాకా తల్లిపాలు తప్ప ఇంకేమీ వద్దు, ఎండాకాలంలోనైనా సరే నీళ్ళు కూడా అక్కర్లేదు. తేనె నాకించడం అసలు వద్దు, ఏడాదిలోపు పిల్లలకు అది ప్రమాదం. 6 నెలలు నిండాక ఉగ్గు మొదలుపెట్టినా 2 ఏళ్ళు, ఇష్టమైతే ఇంకా పైన, పాలివ్వచ్చు.

ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళు పాలు పిండి మూతగిన్నెలో పోసి, మన ఎండలకు బయట ఉంచకుండా వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేయండి. తలుపు అరలో కాదు, లోపలికి. 4 రోజులు ఆగుతాయి. తీశాక గిన్నెను వేడినీళ్ళలో ఉంచి గోరువెచ్చగా చేసుకోవాలి, మైక్రోవేవ్‌లో పెడితే పాలు ఒకచోట చల్లగా, ఇంకోచోట బిడ్డ నోరు కాలేంత వేడిగా ఉంటాయి.