భిన్నాల కూడికను పిల్లలు తమంతట తామే సరిచూసుకునేలా నేర్పడం

పావుకిలో, అరకిలో కలిస్తే ముప్పావుకిలో అని కొట్టు దగ్గర తడుముకోకుండా చెప్పే పిల్లలే, నల్లబల్ల మీద 1/4 + 1/2 అని రాస్తే 2/6 అంటారు. లవాన్ని లవంతో, హారాన్ని హారంతో కూడటం వారికి సహజంగానే తోస్తుంది. ‘తప్పు, క.సా.గు. (హారాల కనిష్ఠ సామాన్య గుణిజం) తీయి’ అని సరిదిద్దితే ఆ లెక్క వరకు తీరుతుంది గానీ, ఆ తరువాత ప్రతి మెట్టు దగ్గరా పిల్లవాడు పుస్తకం వదిలి మన ముఖం వంక చూస్తాడు.

కాబట్టి ముందు అంచనా వేయించండి. 1/2 + 1/3 ఇచ్చి, జవాబు అరకు మించాలా, తగ్గాలా అని అడగండి. అరకు ఇంకొంత కలుస్తోంది గనుక మించాలని దాదాపు అందరూ చెబుతారు. ఎవరైనా 2/5 అంటే చెరపకుండా బల్ల మీదే ఉంచి, ఇద్దరికొకటి చొప్పున 12 సెం.మీ. కాగితపు పట్టీలు పంచండి. పట్టీలో సగం 6 సెం.మీ., మూడో వంతు 4 సెం.మీ., కలిపితే 10. పన్నెండింట పది, అంటే 5/6. అదే 2/5 అయితే 4.8 సెం.మీ. దగ్గరే ఆగి, సగాన్ని కూడా అందుకోదు. ఈ మాట స్కేలు పట్టుకున్న పిల్లల నోటి నుంచే రావాలి. అంతవరకు ఊరుకోవడం ఉపాధ్యాయులకు కష్టమే, అయినా ఊరుకోవాలి.

మర్నాడు 1/4 + 1/5 ఇచ్చి, ఎంత పొడవు పట్టీ కత్తిరించమంటారో వారినే అడగండి. 12 పనికిరాదని, 20 కావాలని తేల్చుకునే సరికి, ఆ పేరు ఎత్తకుండానే క.సా.గు. దగ్గరకు వచ్చేస్తారు.

మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో స్వీయ సామర్థ్యంపై నమ్మకాన్ని వివరిస్తూ, ఇతరులు చెప్పే ధైర్యవచనాల కంటే స్వయంగా సాధించిన అనుభవానికే ఎక్కువ బలం ఉందన్నారు. అందుచేత ఊరికే శభాష్ అనకుండా, ‘పట్టీతో కొలిచి నీ జవాబు నువ్వే మార్చుకున్నావు’ అని చేసిన పనినే పేర్కొనండి. వెనుకబడిన విద్యార్థిని మాత్రం అందరికంటే ముందు బల్ల దగ్గరకు పిలవవద్దు.

పరీక్షలో పట్టీ ఉండదు గనుక, కొన్నాళ్లకు దాన్ని మాన్పించి, నోటు పుస్తకం అంచున 0 నుంచి 1 వరకు గీత గీయించి, జవాబు ఎక్కడ పడుతుందో ముందుగా చుక్క పెట్టమనండి. లెక్క ముగిశాక జవాబు ఆ చుక్కకు మరీ దూరంగా వస్తే, ఎవరూ చెప్పకుండానే వెనక్కి వెళ్ళి తప్పెక్కడ జరిగిందో వెతుక్కుంటారు.