నెల్లూరు వీధుల్లో గుర్రపు పోలీసులు: ప్రతిపాదన వస్తే పౌరులు ఎలా విచారించాలి

పోలీసులు గుర్రాలెక్కి గస్తీ తిరగడానికి అనుమతించవచ్చునా అన్న చర్చ ఏ నగరంలో మొదలైనా, సభలో గట్టిగా వినిపించేవి రెండే మాటలు. గుర్రం మీద పోలీసు కనిపిస్తే ఊరికి ఠీవి వస్తుందని ఒకరంటే, అది దొరల కాలపు అట్టహాసమని మరొకరంటారు. ఈ రెండు వాదాల్లోనూ గుర్రం ఊసే ఉండదు. ఇదే ప్రతిపాదన రేపు మన నెల్లూరు ముందుకు వస్తే, అవుననో కాదనో చెప్పే ముందు సామాన్య పౌరుడు ఏయే సంగతులు తెలుసుకోవాలో, ఎవరిని ఏమని అడగాలో ఇక్కడ వివరిస్తున్నాను. ఒంగోలు, కావలి, గూడూరు వాసులకు కూడా ఇందులో చాలాభాగం వర్తిస్తుంది.

ముందుగా నిర్ణయం ఎవరి చేతిలో ఉందో తెలుసుకోవాలి. రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం పోలీసు వ్యవస్థ రాష్ట్ర ప్రభుత్వ పరిధిలోనిది. విజయవాడ, విశాఖపట్నాలకు ఉన్నట్టు నెల్లూరుకు పోలీసు కమిషనరేటు లేదు కనుక, నగర బందోబస్తు జిల్లా ఎస్పీ ఆధ్వర్యంలోనే నడుస్తుంది. గుర్రపు దళం కావాలంటే పోస్టులు, నిధులు మంజూరు చేయవలసింది హోంశాఖ. నగరపాలక సంస్థ కౌన్సిల్ ఔనని తీర్మానించినా, కాదని తీర్మానించినా అది అభిప్రాయం మాత్రమే అవుతుంది. అయినప్పటికీ లాయం నగర పరిధిలో కడితే నీటి సరఫరా, చెత్త తరలింపు, చుట్టుపక్కల పారిశుద్ధ్యం కార్పొరేషన్ భారమే కాబట్టి కౌన్సిల్ మాటను తీసిపారేయకూడదు. అందుచేత మీరు రెండు అర్జీలు రాసుకోవాలి: ఒకటి ఎస్పీ కార్యాలయానికి, రెండోది మీ డివిజన్ కార్పొరేటర్‌కు. నగరంలో 54 డివిజన్లు ఉన్నాయి. లాయానికి అనుకుంటున్న స్థలం ఏ డివిజన్‌లోకి వస్తుందో కనుక్కొని అక్కడి కార్పొరేటర్‌కు కూడా ఒక ప్రతి ఇవ్వండి.

ఆ తరువాత, గుర్రాలను ఏ పనికి తెస్తున్నారో లిఖితపూర్వకంగా చెప్పమని అడగాలి. మన దేశంలో ఈ దళాలు ఎక్కడ నిలదొక్కుకున్నాయో చూస్తే ఆ ప్రశ్న ఎందుకు అవసరమో అర్థమవుతుంది. కోల్‌కతా గుర్రపు పోలీసు దళం 1840 నాటిది. దానికి మైదాన్ వంటి విశాలమైన పచ్చిక బయలు, ఫుట్‌బాల్ పోటీలకు వచ్చే జనం ఉన్నారు. మైసూరు దళానికి దసరా ఊరేగింపు ఉంది. ముంబయిలో మోటారు వాహనాలు పెరగడంతో 1932లో దళాన్ని రద్దు చేసి, మళ్ళీ 2020లో పునరుద్ధరించడానికి పూనుకున్నారు. వాహనాల రద్దీ కారణంగా ఒకసారి తీసివేసిన ఏర్పాటును, ఆ రద్దీ అనేక రెట్లు పెరిగిన తరువాత తిరిగి తెచ్చేటప్పుడు, ఈ నడుమ ఏ అవసరం కొత్తగా పుట్టిందో చెప్పవలసిన బాధ్యత తెచ్చేవారిదే.

జనసమూహం మధ్యలో గుర్రానికి నిజమైన ప్రయోజనం ఉంది. రౌతు కళ్ళు నేలకు దాదాపు ఎనిమిది అడుగుల ఎత్తున ఉంటాయి కనుక కాలినడకన ఉన్న కానిస్టేబుల్‌కు కనబడని తొక్కిసలాట అతనికి ముందే కనిపిస్తుంది. తప్పిపోయిన పిల్లవాడి తల్లికి కూడా గుర్రం మీది పోలీసు దూరం నుంచే కనబడతాడు. అయితే ఆ ప్రయోజనం నెల్లూరులో ఏయే చోట్ల దక్కుతుందో మీరే తిరిగి చూసుకోవాలి. ఒక సాయంత్రం ఆరు గంటలకు గాంధీబొమ్మ సెంటర్ నుంచి వీఆర్సీ సెంటర్ వరకు ట్రంకు రోడ్డు వెంట నడవండి. ఆటోకూ ఆటోకూ మధ్య ఎంత సందు మిగులుతోందో, వెనక నుంచి ఎన్నిసార్లు హారన్ మోగిందో కాగితం మీద రాసుకోండి. గుర్రానికి కళ్ళు తలకు రెండు పక్కలా ఉండటం వల్ల చుట్టూ చాలావరకు కనిపిస్తుంది గాని, సరిగ్గా తోక వెనక, నుదుటికి ఎదురుగా ఉన్నది కనబడదు. కనబడని వైపు నుంచి దూసుకొచ్చే మోటారుసైకిల్‌కు అది కాలితో బదులు చెబుతుంది.

బారాషహీద్ దర్గా రొట్టెల పండుగకు లక్షల మంది వస్తారు కాబట్టి గుర్రాల ప్రస్తావన వస్తే ముందుగా ఈ పండుగ పేరే చెబుతారు. స్వర్ణాల చెరువు ఘాట్ల దగ్గర తడిబట్టలతో, చేతిలో రొట్టెతో, చంకలో బిడ్డతో స్త్రీలు ఒకరినొకరు ఒరుసుకుంటూ నిలబడే చోటికి నాలుగైదు వందల కిలోల జంతువును దించడం నా దృష్టిలో క్షమించరాని పొరపాటు. వాహనాలు నిలిపే మైదానాల దగ్గర, బయటి దారుల మలుపుల్లో అయితే ఆలోచించవచ్చు. ఇంకొక విషయం కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఈ పండుగ జరిగే మొహర్రం చాంద్రమాన మాసం కనుక అది ఏటా సుమారు 11 రోజులు ముందుగా వస్తుంది. 2025లో జులైలో వచ్చినది రానున్న సంవత్సరాల్లో జూన్‌లోకి, ఆపైన మే నెలలోకి, అంటే రోహిణి కార్తె ఎండల్లోకి వస్తుంది.

మన జిల్లాలో గుర్రానికి కాస్త సుఖమైన చోటు మైపాడు తీరం. ఇసుక నేల గిట్టకు హాయి, గాలి ఆడుతుంది, ఆదివారాల్లో లోతుకు వెళ్ళే పిల్లలను ఎత్తు నుంచి గమనించవచ్చు. కానీ అది నగరం బయట ఉన్నది కాబట్టి గుర్రాలను తీసుకువెళ్ళే ప్రత్యేక వాహనం ప్రతిపాదనలో ఉందో లేదో అడగాలి.

ఇక ఎండ, రోడ్డు, శబ్దం గురించి నిదానంగా ఆలోచించాలి. కొన్నేళ్ళ కిందట మూలాపేటలో ఒక పెళ్ళి ఊరేగింపును అరుగు మీద నిలబడి చూశాను. డీజే పెట్టెలు అదురుతుంటే పెళ్ళికొడుకును మోస్తున్న తెల్లగుర్రం చెవులు రెండూ వెనక్కి వాలి తలకు అంటుకుపోయి ఉన్నాయి. కంటి తెల్లగుడ్డు బయటికి కనిపిస్తోంది. ఎవరో నీళ్ళు చల్లిన సిమెంటు రోడ్డు మీద వెనక కాలి లాడం గీరుకుంటూ జారి, నడుము కిందికి కుంగి, మళ్ళీ ఎలాగో నిలదొక్కుకుంది. కళ్ళెం పట్టిన కుర్రవాడు దాని మెడ నిమురుతూ ఏదో చెబుతున్నాడు. గుర్రం నాట్యం చేస్తోందనుకొని చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. పోలీసు గుర్రానికి నెలల తరబడి శిక్షణ ఇస్తారు, నిజమే; శిక్షణ వల్ల బెదురు తగ్గుతుంది గాని సిమెంటు రోడ్డు గరుకెక్కదు. కాబట్టి జారని లాడాలు వాడతారా, ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి గిట్టలు చెక్కి లాడాలు మార్చే పనివాడు ఎక్కడి నుంచి వస్తాడు అని అడగండి.

గుర్రం నోటితో ఊపిరి తీసుకోలేదు, ముక్కుతోనే తీసుకోవాలి. ట్రంకు రోడ్డు పొగ, దుమ్ము అంతా నేరుగా దాని ఊపిరితిత్తుల్లోకే పోతుంది. వాంతి చేసుకునే శక్తి కూడా దానికి లేదు. ముచ్చటపడి ఎవరైనా ప్లాస్టిక్ కవరుతో సహా అరటిపళ్ళు పెడితే కడుపునొప్పితో ప్రాణం మీదికి వస్తుంది. బండి లాగే, బరువు మోసే జంతువుల కోసం 1965లో చేసిన నియమాల్లో, ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే ప్రాంతాల్లో మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు వాటిచేత పని చేయించరాదని ఉంది. మనిషిని మోసే గుర్రానికి అంతకన్నా తక్కువ రక్షణ ఉంటే చాలనడం న్యాయం కాదు. ఈ హద్దును గస్తీ ఉత్తర్వులోనే చేర్చాలని కోరండి.

ఖర్చు విషయంలో, గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్న మాట మన పెద్దలు ఊరికే అనలేదు. 450 కిలోల గుర్రం రోజుకు తన బరువులో సుమారు రెండు శాతం, అంటే తొమ్మిది కిలోల దాకా ఎండుమేత, దాణా తింటుంది. 30 నుంచి 40 లీటర్ల నీళ్ళు తాగుతుంది, వేసవిలో ఇంకా ఎక్కువ. పది గుర్రాల దళానికి ఏడాదికి దాదాపు 33 టన్నుల మేత కావాలి. పది గుర్రాల లద్దె, మూత్రం కలిపి రోజుకు రెండు క్వింటాళ్ళకు తగ్గదు, నెలకు ఆరు టన్నులు. దోమలతో ఇప్పటికే వేగుతున్న ఊరికి ఈగలను కూడా జతచేయకూడదంటే ఆ లద్దె ఏ రోజుకా రోజు ఎక్కడికి పోవాలో ముందే తేల్చుకోవాలి. చుట్టుపక్కల రైతులు ఎరువుగా తీసుకునే ఏర్పాటు ఉంటే మంచిదే. గుర్రం 25 నుంచి 30 ఏళ్ళు బతుకుతుంది. పనికి రాకుండా పోయాక దాన్ని ఎవరు పోషిస్తారన్న ప్రశ్నను దయచేసి వదిలిపెట్టవద్దు.

లాయం స్థలాన్ని స్వయంగా చూసి రండి. 2021 నవంబరులో పెన్నా ఒడ్డు కాలనీల్లోకి నీళ్ళు ఎంత వేగంగా వచ్చాయో మనకు తెలుసు. కట్టేసిన గుర్రం మేడ ఎక్కలేదు. గుర్రాల నుంచి మనుషులకు కూడా సోకే గ్లాండర్స్ వ్యాధి 2009 నాటి పశువ్యాధుల నివారణ చట్టం పరిధిలో ఉంది కనుక, కొనుగోలుకు ముందే రక్తపరీక్ష చేయించాలని అర్జీలో రాయండి.

వివరాలు నోటిమాటగా కాక కాగితం మీద రావాలంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయండి. జిల్లా స్థాయి కార్యాలయానికి రుసుము పది రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. దరఖాస్తులో అభిప్రాయాలు అడగవద్దు, పత్రాలు అడగండి. ఇలా రాయవచ్చు: “నెల్లూరు నగరంలో గుర్రపు గస్తీకి సంబంధించిన ప్రతిపాదన ప్రతిని, అంచనా వ్యయ పట్టికను, గస్తీ తిరిగే మార్గాలు, వేళలు తెలిపే పత్రాన్ని, లాయానికి ఎంపిక చేసిన స్థలం సర్వే నంబరును, పశువైద్యాధికారి ఇచ్చిన నివేదిక ప్రతిని ఇప్పించగలరు.” జవాబు రాకపోయినా, అసంపూర్ణంగా వచ్చినా 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేసుకోవచ్చు.

ఒకేసారి పది గుర్రాలు కొనకుండా, పొరుగు రాష్ట్రాల దళాల నుంచి ఒకటి రెండింటిని రప్పించి, చలికాలంలో మైపాడులోనూ, వేసవిలో ఉదయపు వేళ మాత్రమే నగరంలోనూ కొన్నాళ్ళు పరీక్షగా నడపమని కోరడం నాకు సబబుగా తోస్తుంది. అనుమతిస్తే ఆ రోజుల్లో మీరూ ఒక పుస్తకం పెట్టుకోండి. తేదీ, వేళ, ఆనాటి ఉష్ణోగ్రత, గుర్రం ఎంతసేపు నీడ లేకుండా నిలబడింది, నీళ్ళు ఎప్పుడు పట్టారు, కాలు జారిందా, ఎవరికైనా దెబ్బ తగిలిందా, తప్పిపోయినవారెవరైనా దొరికారా అన్నవి రాసి, కింద సంతకం చేసి, ప్రతి సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు తీసుకోండి.