చైనా చక్రవర్తుల కాలపు నమూనా నాణేలు సేకరించడం ఎలా?

కొత్త నాణెం తేవాలంటే టంకశాల ముందు కొన్నింటిని పరీక్షగా ముద్రించి ప్రభుత్వానికి చూపిస్తుంది. నచ్చకపోతే ఆ నమూనా అక్కడితో ఆగిపోతుంది. అలా ఆగిపోయినవే నేడు అపురూపం, ధర కూడా అలాగే ఉంటుంది. అందుకే చదవడం ముందు, కొనడం తర్వాత.

మొదట ఒక్క టంకశాలను ఎంచుకోండి. నన్నడిగితే దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్. అప్పట్లో చైనాలో చలామణి అవుతున్న మెక్సికో వెండి డాలరును తరిమేయాలని అక్కడి గవర్నర్ జనరల్ జాంగ్ జిడాంగ్ 7 మేస్ 3 కాండరీన్ల (ఇవి పాత చైనా తూకాలు, పది కాండరీన్లు ఒక మేస్) బరువుతో, అంటే దానికన్నా కాస్త ఎక్కువ వెండితో, 1889లో నాణెం కొట్టించాడు. బరువైన నాణెం చేతికొస్తే ఎవరైనా దాచుకుంటారు, ఖర్చు పెట్టరు కదా! చివరికి 7 మేస్ 2 కాండరీన్లకు తగ్గించారు. మొదటి రకంలో ఇంగ్లిషు అక్షరాలు చక్రవర్తి పేరున్న వైపే ఉంటాయి. తర్వాత వాటిని డ్రాగన్ వైపుకు మార్చారు. తియాన్‌జిన్ టంకశాల ఇష్టమైతే, 1911లో ఇటలీ శిల్పి లుయిజీ జియోర్జీ చెక్కిన పొడవు మీసాల డ్రాగన్ ఉంది. అది చాలామందికి కలగానే మిగిలిపోతుంది.

తర్వాత, అదే టంకశాల నుంచి చలామణిలోకి వచ్చిన మామూలు నాణెం ఒకటి కొనండి. అక్షరాల అంచులు, డ్రాగన్ పొలుసులు, అంచు మీది గీతలు భూతద్దంతో రోజూ చూస్తే అసలుకు కన్ను అలవాటు పడుతుంది.

ఇక తూకం. చిన్న ఎలక్ట్రానిక్ తూకం మీద గ్లాసుడు నీళ్లు పెట్టి, అంకెను సున్నా చేయండి. నాణేన్ని దారంతో కట్టి, అడుగుకు తగలకుండా నీళ్లలో ముంచండి. 26.8 గ్రాముల నాణేనికి అంకె 2.6 చూపితే, మొదటి అంకెను రెండోదాంతో భాగిస్తే 10.3 వస్తుంది. అది 90 శాతం వెండి ఉన్న లోహపు సాంద్రత. 8 లేదా 9 వస్తే అనుమానించండి. అయితే నమూనాలను ఇత్తడిలోనూ కొట్టేవారు, కాబట్టి అమ్మేవాడు చెప్పిన లోహంతోనే పోల్చండి. లెక్క సరిపోయినంత మాత్రాన అసలు అనుకోవద్దు, వెండితోనే చేసిన నకిలీలూ ఉన్నాయి.

ఖరీదైనదైతే గ్రేడింగ్ సంస్థ (నాణేన్ని పరీక్షించి, నంబరు వేసిన పెట్టెలో మూసి ఇచ్చే సంస్థ) పెట్టె మీది నంబరును ఆ సంస్థ సైటులో కొట్టి, అక్కడి ఫోటోలోని గీతలు, మచ్చలు మీ చేతిలోని నాణెంతో కలుస్తాయో లేదో చూడండి. పెట్టెలకూ నకిలీలు వస్తున్నాయి. పాత వేలం జాబితాలో అదే నాణెం ఫోటో దొరికితే మరీ మంచిది.

కొన్నాక విభూతితోనో చింతపండుతోనో తోమకండి. తోమిన గుర్తు కనిపిస్తే గ్రేడింగ్ సంస్థ ఆ సంగతి పెట్టె మీదే రాసేస్తుంది, ధర అక్కడే పడిపోతుంది.