ముట్టడిని చదవడం – 4వ పాఠం: లేని ముళ్లతీగ

పోయిన పాఠంలో కాపలా లెక్క నేర్చుకున్నాం: కాయాల్సిన గీత పొడవును కాసే మనుషుల సంఖ్యతో భాగించడం. అదే లెక్క ఇప్పుడు మఫెకింగ్‌కు వేయండి. దక్షిణాఫ్రికాలో బ్రిటిష్‌వాళ్లకూ, డచ్ సంతతి వలసవాసులైన బోయర్లకూ మధ్య బోయర్ యుద్ధం మొదలైన 1899 అక్టోబరులో, బ్రిటిష్‌వాళ్ల చేతిలో ఉన్న ఆ చిన్న రైల్వే ఊరి చుట్టూ కాయాల్సిన గీత దాదాపు 10 కిలోమీటర్లు. తుపాకీ పట్టగలిగినవాళ్లు సుమారు 1,200 మంది. ఎవరూ నిద్రపోకుండా నిలబడ్డా మనిషికి 8 మీటర్లు. ఎదురుగా బోయర్ సేనాని క్రోన్యే దండు వేలల్లో ఉంది. అయినా ఊరు 217 రోజులు నిలిచింది.

ఎలా నిలిచిందో తెలియాలంటే మ్యాపును తిప్పి పెట్టుకుని శత్రువు పక్కన కూర్చోవాలి. అక్కడినుంచి అతనికేం కనిపిస్తోంది? ముందే ఏం నమ్ముతున్నాడు? నిజమేదో తేల్చుకోవాలంటే ఎంతమందిని పోగొట్టుకోవాలి? ఈ మూడు ప్రశ్నలూ నోట్‌బుక్‌లో రాసుకోండి.

ఊరి రక్షణ చూసిన బేడెన్ పవెల్ (తర్వాత స్కౌట్ ఉద్యమం మొదలుపెట్టింది ఈయనే) దగ్గర చాలినంత ముళ్లతీగ లేదు. గుంజలు మాత్రం పాతించాడు. ఆ గుంజల మధ్య నుంచి వెళ్లే ప్రతివాడూ మోకాలు పైకెత్తి, ఒక్కో కాలూ జాగ్రత్తగా అవతల వేసి దాటాలని ఆజ్ఞ. ఇప్పుడు బోయర్ కాపలావాడి కళ్లతో చూడండి. అంత దూరానికి నిజమైన తీగైనా కంటికి ఆనదు. ఆనేవి గుంజలు, ఎత్తి వేసే కాళ్లు. తీగ ఉందని అతనికి చెప్పేవి అవే. ఈ ముట్టడి మొత్తంలో నాకు మళ్లీ మళ్లీ గుర్తొచ్చేది ఆ ఎత్తిన మోకాలే.

రెండో ప్రశ్నకు మందుపాతరలు చూడండి. ఇసుక నింపిన పెట్టెలను మందుపాతరలని చెప్పి, భద్రంగా మోయించి ఊరి చుట్టూ పాతించారు. వేగుల ద్వారా ఆ మాట అవతలికి చేరుతుందని తెలుసు. కానీ ఉత్త మాటను ఎవరు నమ్ముతారు? ముట్టడి మొదటి రోజే, ఊళ్లో ఉంటే ప్రమాదమని డైనమైట్ నింపిన రెండు వ్యాగన్లను రైలు పట్టాల మీద దూరంగా నెట్టి వదిలేశారు. బోయర్లు వాటిమీద కాల్పులు జరిపారు, అవి పేలిపోయాయి. ఆ ఒక్క నిజమైన చప్పుడు ఇసుక పెట్టెలన్నింటికీ జామీను నిలిచింది. బిస్కెట్ డబ్బా రేకుతో చేసిన సెర్చిలైటును రాత్రిళ్లు ఒక మోర్చా నుంచి ఇంకో మోర్చాకు మోసుకెళ్లి వెలిగించడమూ ఇలాంటిదే.

మూడో ప్రశ్న దగ్గర ఆగండి. నిజం తేల్చుకునే ఖర్చుకు శత్రువు వెనకాడినన్నాళ్లే ఎత్తులు పనిచేస్తాయి. ఈ ఎత్తులన్నీ రోజులు సంపాదించాయి, గింజలు కాదు. తిండి కోత తెల్లవాళ్లకంటే ఆఫ్రికన్లమీద ఎంతో ఎక్కువ పడింది. ఆకలితో చచ్చిపోయినవాళ్లు వాళ్లే. ఇది రాయకుండా మఫెకింగ్ కథను తెలివితేటల కథగా చెప్పడం అన్యాయం. చివరికి 1900 మే 12 తెల్లవారుజామున బోయర్ నాయకుడు ఎలోఫ్ 240 మంది దాకా వెంటబెట్టుకుని, నది పక్కనున్న బరోలాంగ్ అనే ఆఫ్రికన్ తెగ పల్లె గుండా లోపలికి దూసుకొచ్చాడు. అప్పుడు అతణ్ని ఆపింది ఎత్తులు కాదు, మనుషులు. బరోలాంగ్ యోధులు వెనక దారి మూసేశారు, సాయంత్రానికి అతను లొంగిపోయాడు. మే 17న సహాయ సైన్యం ఊరు చేరింది.

ఇంటిపని: 1941లో జర్మన్లు ముట్టడించిన రష్యన్ నగరం లెనిన్‌గ్రాడ్‌లో పర్వతారోహకులు అడ్మిరాల్టీ భవనం బంగారు శిఖరం ఎక్కి దానికి గుడ్డ తొడిగారు. జర్మన్ ఫిరంగి దళం పక్కన కూర్చుని ఆ మూడు ప్రశ్నలకూ జవాబులు రాయండి. వచ్చే పాఠం అక్కడినుంచే మొదలుపెడదాం.