ముందు చక్రం గాలిని బట్టి, వెనక చక్రం రూల్‌ని బట్టి

ట్రయథ్లాన్ (ఈత, సైక్లింగ్, పరుగు కలిసిన రేసు) బైక్‌కి రేస్ వీల్స్ కొనాలనుకునేవాళ్లు నన్ను ముందుగా అడిగేది "ఎన్ని మిల్లీమీటర్ల లోతు తీసుకోమంటారు?" అని. లోతంటే రిమ్ము బయటి అంచు నుంచి లోపలి అంచు దాకా ఉండే కొలత. నేను వాళ్లని అడిగేవి రెండు. మీ బరువెంత? పక్కగాలి విసురుగా కొట్టినా మోచేతులు ఏరో బార్ల (ముందుకి వంగి మోచేతులు ఆనించే హ్యాండిల్) మీదే ఉంచగలరా? ఈ రెండూ తేలితే లోతు సంగతి చాలావరకు తేలిపోయినట్టే. నేను 56 కిలోలుంటాను. రేసులకి ముందు తోటివాళ్ల బైకులు సిద్ధం చేసేది కూడా నేనే. పక్కగాలికి ఎవరి ముందు చక్రం ఎలా లాగుతుందో అటు నడిపీ చూశాను, ఇటు వాళ్ల మాటల్లో వినీ తెలుసుకున్నాను.

ముందు డబ్బు ఎక్కడ పెట్టాలో చూద్దాం. చదునైన రోడ్డు మీద గంటకి 35 కి.మీ. వేగంతో పోతుంటే మనం తొక్కే శక్తిలో సింహభాగం గాలిని చీల్చడానికే పోతుంది. ఆ గాలిలో కూడా ఎక్కువ అడ్డం పడేది మన ఒళ్లే, బైక్ కాదు. అందుకని బైక్ ఫిట్ (ఒంటికి తగ్గట్టు సీటు, హ్యాండిల్ సర్దుకోవడం) సరిగ్గా కుదరనివాళ్లు, వదులు బట్టలతో రేసు చేసేవాళ్లు ఇప్పుడే వీల్స్ కొనొద్దు. ఫిట్, ఒంటికి అతుక్కునే సూట్, ఏరో హెల్మెట్, మంచి టైర్లు అయ్యాకే వీల్స్.

అవన్నీ అయ్యాయనుకుందాం. చదును మీద వేగం పెంచాలంటే కావలసిన శక్తి ఇంచుమించు వేగం ఘనంలో పెరుగుతుంది. మీరు 200 వాట్లతో తొక్కుతున్నారు, వీల్స్ వల్ల 10 వాట్లు మిగిలాయి అనుకుంటే శక్తిలో 5 శాతం కలిసొచ్చినట్టు, వేగంలో 1.6 శాతం. 180 కి.మీ.ని ఐదున్నర గంటల్లో పూర్తిచేసే మనిషికి అది దాదాపు 5 నిమిషాలు. "నేను నెమ్మదిగా తొక్కుతాను, నాకెందుకు ఇవి" అనేవాళ్లకి ఒక మాట. నెమ్మదిగా వెళ్లేవాళ్లకి మిగిలే వాట్లు తక్కువే కానీ, రోడ్డు మీద ఉండే సమయం ఎక్కువ. నిమిషాల లెక్కలో వాళ్లకీ బాగానే కలిసొస్తుంది.

ఇక అసలు విషయం ముందు చక్రం. గాలిని మొట్టమొదట తాకేది అదే, కాబట్టి లాభమూ దానితోనే, ఇబ్బందీ దానితోనే. మీరు గంటకి 36 కి.మీ. వేగంతో వెళ్తున్నారు, సరిగ్గా పక్కనుంచి 9 కి.మీ. గాలి వీస్తోంది అనుకోండి. చక్రానికి ఆ రెండూ కలిసి సుమారు 14 డిగ్రీల కోణంలో తగులుతాయి. ఆ కోణంలో లోతైన రిమ్ము తెరచాపలా పనిచేస్తుంది, గాలి మనల్ని కొంచెం ముందుకి తోస్తుంది కూడా. కోణం ఇంకా పెరిగితే గాలి రిమ్ముని అంటిపెట్టుకుని ఉండక విడిపోతుంది. అప్పుడు ఆ లాభం పోవడమే కాదు, హ్యాండిల్ ఒక్కసారిగా లాగుతుంది.

ఈ లాగుడు ఎలా ఉంటుందో దగ్గరగా చెబుతాను. వరసగా చెట్లున్న రోడ్డు మీద ఒకచోట చెట్లు ఆగిపోతాయి, లేదా ఎదురుగా పెద్ద లారీ వచ్చి దాటిపోతుంది. అక్కడ గాలి విసురు తగిలి చక్రం పక్కకి తిరగబోతుంది. ఏరో బార్ల మీద రెండు చేతులూ దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి దాన్ని నిలబెట్టడానికి చేతులకి పట్టు చాలదు. మెడ బిగుసుకుంటుంది, వేళ్లు ఎక్స్‌టెన్షన్లని (ఏరో బార్ల ముందు కొసల్ని) గట్టిగా పట్టేస్తాయి, ఇంకో రెండు విసుర్లకి చేతులు వాటంతట అవే బేస్ బార్ (పక్కలకి ఉండే వెడల్పు హ్యాండిల్) మీదికి వచ్చేస్తాయి. ఛాతీ పైకి లేచింది. ఆ ఒక్క కదలికతో పోయే వాట్లు 50 మి.మీ. రిమ్ముకీ 80 మి.మీ. రిమ్ముకీ ఉన్న తేడా కంటే చాలా ఎక్కువ. మిమ్మల్ని లేచి కూర్చోబెట్టే చక్రం, కంపెనీవాళ్ల గ్రాఫ్‌లో ఎంత వేగమైనదైనా, మీకు మాత్రం నెమ్మదైనదే.

అందుకని నా లెక్క ఇలా ఉంటుంది. 60 కిలోల లోపు ఉన్నవాళ్లు, ఏరో బార్లు కొత్తగా అలవాటు చేసుకుంటున్నవాళ్లు ముందు చక్రానికి 40 నుంచి 50 మి.మీ. దగ్గర ఆగిపోవాలి. అంతకంటే బరువుండి, చేయి తిరిగినవాళ్లకి 60 బాగా సరిపోతుంది. 80 అనేది బరువైనవాళ్లకి, గాలి తక్కువుండే కోర్సులకి. నాకైతే 50. అంతకు మించి ఎవరు ఉచితంగా ఇచ్చినా ముందు చక్రానికి పెట్టుకోను. కొనేముందు ఎవరివైనా అడిగి తీసుకోండి, లేదా అద్దెకి తెచ్చుకోండి. బాగా గాలి ఉన్న రోజు చూసుకుని, రేసులో తొక్కే వేగంతోనే ఒక గంట తొక్కండి. చేతులు ఎన్నిసార్లు బేస్ బార్ మీదికి వచ్చాయో గుర్తుపెట్టుకోండి. గాలి లేని రోజు చేసిన పరీక్ష పరీక్షే కాదు.

రిమ్ము ఆకారం కూడా చూడాలి. పాతకాలపు సన్నని వీ ఆకారం రిమ్ములు పక్కగాలికి చిటుక్కున లాగేస్తాయి. లోపలి అంచు మొద్దుగా, గుండ్రంగా ఉండే ఇప్పటి వెడల్పు రిమ్ములు అదే లోతులో ఎంతో నిలకడగా ఉంటాయి. సెకండ్ హ్యాండ్‌లో పాత లోతైన ముందు చక్రం చవగ్గా వస్తోందంటే వదిలేయండి. పాత వెనక డిస్క్ (స్పోకులు లేకుండా మొత్తం మూసి ఉండే చక్రం) బాగున్న స్థితిలో దొరికితే మాత్రం నిస్సంకోచంగా తీసుకోవచ్చు.

ఎందుకంటే వెనక చక్రం ఫ్రేములో బిగించి ఉంటుంది, హ్యాండిల్‌ని తిప్పదు. పక్కగాలి తగిలినా బైక్ మొత్తం కాస్త ఒరుగుతుందంతే. అక్కడ రూల్ ఒప్పుకున్నంత లోతు పెట్టండి, కుదిరితే డిస్కే పెట్టండి. ఇటలీ సైక్లిస్ట్ ఫ్రాన్సిస్కో మోజర్ 1984లో మెక్సికో సిటీలో ఒక గంటలో 51.151 కి.మీ. తొక్కి రికార్డు కొట్టింది డిస్క్ చక్రాల మీదే. ట్రాక్ మీద కాబట్టి ముందూ వెనకా రెండూ డిస్కులే నడిచాయి. ఐరన్‌మ్యాన్ పేరుతో జరిగే దూరపు ట్రయథ్లాన్ రేసుల్లో ముందు చక్రానికి స్పోకులు ఉండి తీరాలి, డిస్క్ వెనకే. హవాయిలోని కోనా రేసులో ఏళ్ల తరబడి వెనక డిస్కునీ రానివ్వలేదు, కోర్సులో హావీ ఊరి వైపు వీచే పక్కగాలులు అలాంటివి మరి. డ్రాఫ్టింగ్ (గాలి తగలకుండా ముందువాళ్ల వెనకే తొక్కడం) అనుమతించే పొట్టి రేసుల్లోనూ డిస్క్ కుదరదు. కాబట్టి మీ రేసు అథ్లెట్ గైడ్ చదివాకే కొనండి. డిస్కుకి బడ్జెట్ లేకపోతే ఉన్న వెనక చక్రానికే కవర్ బిగించవచ్చు. కొంచెం బరువు పెరుగుతుంది, గాలి విషయంలో డిస్కుకి చాలా దగ్గరగా వస్తుంది.

బరువు గురించి బెంగపడొద్దు. మనిషీ బైకూ కలిపి 80 కిలోలనుకుంటే 300 గ్రాములు అందులో 0.4 శాతం కూడా కాదు. కోర్సంతా నిట్టనిలువు కొండ అయితే తప్ప ఏరోదే పైచేయి.

టైరు దగ్గర చాలామంది తప్పటడుగు వేస్తారు. వీల్స్ చేసే జిప్ కంపెనీలో పనిచేసిన ఇంజనీర్ జాష్ పోర్ట్‌నర్ పేరుతో 105 సూత్రం అని ఒకటి వాడుకలో ఉంది. రిమ్ము బయటి వెడల్పు టైరు వెడల్పుకి కనీసం 105 శాతం ఉంటేనే టైరు మీద నుంచి వచ్చే గాలి రిమ్ము మీద కుదురుగా పారుతుంది. టైరు పక్కన అచ్చువేసిన అంకెని నమ్మొద్దు. రిమ్ముకి ఎక్కించి, గాలి నింపి, ఒక రోజు ఆగి వెర్నియర్ క్యాలిపర్‌తో కొలవండి. 28 అని వస్తే రిమ్ము 29.4 మి.మీ. అయినా ఉండాలి. ఇది ముఖ్యంగా ముందు చక్రానికి. దీనితోపాటు రేస్ టైరు, లేటెక్స్ ట్యూబ్ గానీ ట్యూబ్‌లెస్ గానీ వాడండి. మందపాటి ట్రైనింగ్ టైర్లతో ఏరో వీల్స్ నడిపితే అక్కడ మిగిలింది ఇక్కడ పోతుంది.

హుక్‌లెస్ రిమ్ములు (టైరుని పట్టి ఉంచే కొక్కెం లాంటి అంచు లేనివి) కొంటే ఇంకో జాగ్రత్త. వాటిలో గాలి 5 బార్లు, అంటే 72.5 పీఎస్ఐ దాటకూడదు. టైరు కంపెనీ, వీల్ కంపెనీ రెండూ ఆ జతకి సరే అన్నాకే ఎక్కించండి. ఇది భద్రత విషయం, దీంట్లో సర్దుకుపోవడాలు లేవు.

మిగతావి చకచకా చూసుకోవచ్చు. బైక్‌ది డిస్క్ బ్రేకా రిమ్ బ్రేకా, త్రూ ఆక్సిల్ (చక్రాన్ని ఫ్రేముకి బిగించే ఇరుసు) కొలత ఎంత, ఫ్రీహబ్ (వెనక గేర్లు ఎక్కే భాగం) మీ క్యాసెట్‌కి (ఆ గేర్ల గుత్తికి) సరిపోతుందా, ఫోర్కులో వెడల్పు టైరు పడుతుందా చూడండి. రిమ్ బ్రేక్ కార్బన్ వీల్స్‌కి కార్బన్ ప్యాడ్లే వాడాలి. అల్యూమినియం రిమ్ముల మీద అరిగిన ప్యాడ్లలో లోహపు పొడి ఇరుక్కుని ఉంటుంది, అది కార్బన్‌ని గీరేస్తుంది. సిరామిక్ బేరింగులకి పెట్టే డబ్బుతో ఇంకో జత మంచి టైర్లు కొనుక్కోండి.

వాల్వ్ సంగతి ఇంట్లోనే తేల్చుకోవాలి. లోతైన రిమ్ముకి పొడవు వాల్వ్ గానీ ఎక్స్‌టెండర్ గానీ కావాలి, స్పేర్ ట్యూబ్‌కి కూడా. డిస్క్ చక్రంలో వాల్వ్ దగ్గరుండే చిన్న కిటికీలో మామూలు పంపు తల పట్టదు, ఒంపు తిరిగిన అడాప్టర్ ఉండాలి. టైరు నింపడానికి వాడే మీ గ్యాస్ కార్ట్రిడ్జ్ తల కూడా ఆ కిటికీలోంచి వాల్వ్‌కి అందుతుందో లేదో రేసుకి వారం ముందే ఒకసారి పెట్టి చూసుకోండి.